మ్యూజియంలో ఒక శనివారం

పిల్లలకు ఇంగ్లీషు రావాలని కోరుకోని తల్లిదండ్రులు మైపాడులోను లేరు, జువ్వలదిన్నెలోను లేరు. అయితే వల అల్లే తండ్రి, చేపలమ్మే తల్లి "మాకే రాదు, మేమేమి నేర్పగలం?" అని ఊరుకుంటున్నారు. పిల్లలేమో 'పాసివ్ వాయిస్' నిర్వచనం గడగడ అప్పజెప్పుతారు గాని, సొంతంగా ఒక్క వాక్యం చెప్పమంటే తల వంచుకుంటారు. ఇట్టి కుటుంబాలకు మేము చెప్పే సలహా ఒకటున్నది. ఒక శనివారం పిల్లలను మ్యూజియంకు తీసికొని వెళ్లండి.

చెన్నై ఎగ్మోరులో 1851లో స్థాపించిన ప్రభుత్వ మ్యూజియం ఉన్నది. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుండి రైలులో ఉదయం వెళ్లి రాత్రికి ఇల్లు చేరవచ్చు. దానికి సెలవు శుక్రవారం. శనివారమే వెళ్లి వస్తే ఆదివారం ఆరాధన మానవలసిన పని ఉండదు.

ముందు రాత్రి పది మాటలు మాత్రమే నేర్పించండి: స్టోన్, బోన్, బ్రాంజ్, టూల్, మేడ్, ఫౌండ్ వంటివి. అక్కడ తిమింగలం ఎముకల గూడు ఉన్నది. దానిని చూచిన పిల్లవాడు 'స్కెలిటన్' అనే మాట మరచిపోడు. "మన పడవకంటె పెద్దదా?" అని అడగండి. 'ది వేల్ ఈజ్ బిగ్గర్ దాన్ అవర్ బోట్' అని చెప్పించండి. తెలుగులో 'కంటె' పడవ తరువాత వచ్చింది. ఇంగ్లీషులో 'దాన్' పడవకు ముందు వచ్చింది. ఈ తేడా తెలిస్తే సగం తప్పులు పోతాయి.

ఇక పాసివ్ వాయిస్. 1863లో పల్లవరం దగ్గర రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒక పాతరాతియుగపు పనిముట్టును కనుగొన్నాడు. అతని సేకరణను 1904లో ఈ మ్యూజియం కొన్నది. ఆ రాతి పనిముట్ల ముందు రెండు ప్రశ్నలు అడగండి. కనుగొన్నదెవరు? పేరు తెలుసు గనుక 'ఫుట్ ఫౌండ్ ది టూల్'. చేసినదెవరు? ఎవరికీ తెలియదు గనుక 'ది టూల్ వాజ్ మేడ్ ఆఫ్ స్టోన్'. మనమైతే ఎవరో చెప్పకుండానే "రాతితో చేశారు" అంటాము. ఇంగ్లీషు వాక్యానికి ముందు ఒక కర్త కావాలి. చేసినవాడు తెలియనప్పుడు వస్తువే ఆ చోట నిలుస్తుంది. మ్యూజియం చీటీలలో ఇటువంటి వాక్యాలు ఎన్నో. అమరావతి నుండి తెచ్చిన శిల్పాల దగ్గర 'బ్రాట్ ఫ్రమ్ అమరావతి' అనే మాటను పిల్లలే కూర్చగలరు.

తల్లిదండ్రులారా, ఇందులో మీ పని చిన్నది కాదు. సోమవారం సాయంకాలం పిల్లలచేత ఐదు వాక్యాలు వ్రాయించి, ఒక్కొక్కటి చదివించి, దాని అర్థం తెలుగులో చెప్పమనండి. అర్థం కుదరకపోతే మీకు వెంటనే తెలిసిపోతుంది. దానికి మీకు ఇంగ్లీషు రానక్కరలేదు.

ప్రయాణపు ఖర్చు భరించలేనివారు దిగులుపడవద్దు. మన రేవులోనే లంగరు, తెడ్డు, చుక్కాని, తెరచాప ఉన్నాయి. వాటికి ఇంగ్లీషు పేర్లు బిడ్డ బడిలో అడిగి తెస్తాడు. అవి దేనితో, ఎలా చేస్తారో తండ్రి చెబుతాడు. అప్పుడు ఇద్దరూ నేర్చుకున్నవారే, ఇద్దరూ నేర్పినవారే అవుతారు.