కారు రంగుపై సుడిగీతలు: ఏ ప్యాడ్ ఎంత తీస్తుంది?

ఏటా సెప్టెంబరు మధ్యలో విశ్వకర్మ పూజ వచ్చిందంటే కోల్‌కతాలోని గ్యారేజీలు, ట్యాక్సీ స్టాండ్లు, కర్మాగారాలు కొత్త కళను సంతరించుకుంటాయి. తెలుగునాట దసరా ఆయుధపూజకు చేసినట్లే అక్కడ ఆ రోజున వాహనాలను కడిగి, మెరుగుపెట్టి, పూలదండలు వేస్తారు. అయితే హడావుడిగా పెట్టిన ఆ మెరుగు కొద్ది రోజులకే వెలవెలబోవడం, ఎండ పడిన చోట బానెట్‌పై సాలెగూడు వంటి సన్నని గీతలు తేలడం వాహనదారులకు కొత్త కాదు. డిటైలింగ్ కేంద్రాలవారు వీటిని ‘స్విర్ల్ మార్క్స్’ అంటారు. తెలుగులో సుడిగీతలు అనవచ్చు.

వీటిని తొలగించేందుకు ఉన్ని, మైక్రోఫైబర్, ఫోమ్ అనే మూడు రకాల పాలిషింగ్ ప్యాడ్లు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. మూడూ చేసే పని ఒక్కటే: రంగు పై పొరను అతి స్వల్పంగా అరగదీయడం. ఎంత వేగంగా అరగదీస్తాయి, వెనుక ఎటువంటి జాడను మిగులుస్తాయి అన్నదే వాటి మధ్య తేడా. అరిగిన పొర తిరిగి రాదు కనుక ఈ తేడాను తెలుసుకోవడం అవసరం.

వలయాలుగా ఎందుకు కనిపిస్తాయి?

సుడిగీతల్లో చాలావరకు నిజానికి గుండ్రనివి కావు. తుడిచిన గుడ్డ ఎటు కదిలితే అటు అడ్డదిడ్డంగా పడిన సన్నని గీతలే అవి. సూర్యబింబమో, వీధిదీపమో రంగుపై ప్రతిఫలించినప్పుడు, ఆ వెలుగుకు అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే కంటివైపు కాంతిని మళ్లిస్తాయి. తక్కినవి కనిపించవు. అందువల్ల వెలుగు చుట్టూ వలయాలు అల్లుకున్నట్లు తోస్తుంది. చూసేవారు పక్కకు జరిగితే వలయాలూ వెంట జరుగుతాయి. పీచుతో తోమి తోమి వాడిన స్టీలు పళ్లెంపై కనిపించేదీ ఇదే.

నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు కార్లపై ఇవి కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. తెలుపు, వెండి రంగు కార్లపై అంతగా కనిపించవు. కనిపించనంత మాత్రాన లేవని కాదు.

పాలిష్ గీతను పూడ్చదు. గీత అడుగు ఎంత లోతున ఉన్నదో, చుట్టూ ఉన్న ఉపరితలాన్ని దాదాపు అంతవరకు దించుతుంది. అంచులు సమసిపోగానే కాంతి చెదరడం మాని ఒకే దిశలో ప్రతిఫలిస్తుంది. గోరుతో తడిమితే తగిలేంత లోతైన గీతను పూర్తిగా ఈ విధంగా తొలగించబోవడం ప్రమాదకరం. దాన్ని కొంత మసకబారేలా చేసి ఊరుకోవడమే మేలు.

పొర మందం ఎంత?

నేటి కార్లలో లోహపు రేకుపై తుప్పును నిరోధించే పొర, ప్రైమర్, రంగు పొర, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందమే. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో 1,000వ వంతు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే, కారు మెరుపంతా వెంట్రుక కంటే పలుచని పొర మీద ఆధారపడి ఉన్నదని అర్థమవుతుంది.

గట్టి ప్యాడ్‌తో, ముదురు కాంపౌండ్‌తో చేసే ఒక్కొక్క దఫా పాలిష్‌కు ఇందులో కొద్ది మైక్రాన్లు పోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడే పదార్థాలు ఈ క్లియర్ కోట్‌లోనే ఉంటాయి. పొర మరీ పలుచబడితే కొన్నేళ్లకు అది వెలిసి, పొలుసులుగా లేస్తుంది. ఆ తరువాత తిరిగి రంగు వేయించడం తప్ప మార్గం ఉండదు. ఏటా పండుగకు ముందు ‘గట్టిగా’ పాలిష్ పట్టించే అలవాటులోని నష్టం ఇదే.

పాత కార్ల సంగతి వేరు. కోల్‌కతాకు చేరువలోని ఉత్తర్‌పారా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ తయారుచేసిన అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. వాణిజ్య వాహనాలకు విధించిన 15 ఏళ్ల పరిమితితో నగరానికి గుర్తుగా నిలిచిన పసుపు అంబాసిడర్ ట్యాక్సీలూ తగ్గిపోతున్నాయి. ఇటువంటి పాత కార్లలో చాలావాటికి క్లియర్ కోట్ లేని ఒకే తరహా రంగు ఉంటుంది. వీటిని పాలిష్ చేస్తే ప్యాడ్‌కు కారు రంగే అంటుతుంది. అంటే తొలగుతున్నది సాక్షాత్తు రంగే. పైగా పలుమార్లు తిరిగి రంగు వేసిన కార్లలో ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క మందం ఉండవచ్చు. పాత కారును అపురూపంగా దాచుకున్నవారు ప్యాడ్ ఎంపికలో మరింత జాగ్రత్త వహించాలి.

మూడు రకాలు, మూడు స్వభావాలు

ఉన్ని ప్యాడ్: మూడింటిలో వేగంగా అరగదీసేది ఇదే. గొర్రె ఉన్నితో గానీ, ఉన్నికి కృత్రిమ నూలు కలిపి గానీ తయారుచేస్తారు. పోగుల మధ్య గాలి ఆడుతుంది కనుక ఫోమ్‌తో పోలిస్తే వేడి తక్కువగా పుడుతుంది. లోతైన గీతలకు, ఇసుక కాగితంతో రుద్దిన జాడలకు ఇది తగినది. అయితే తన వంతుగా మసకనూ, సన్నని గీతలనూ మిగులుస్తుంది. దీని తరువాత ఫోమ్ ప్యాడ్‌తో మరొక దఫా తప్పనిసరి. ఆ రెండో దఫా ఎగ్గొడితే, నీడలో అద్దంలా ఉన్న కారు ఎండలోకి రాగానే పొగ తీగల్లాంటి చారలు చూపుతుంది. వీటినే హోలోగ్రామ్‌లు అంటారు. విడిపోయిన పోగులు కారంతా అంటుకోవడం మరొక ఇబ్బంది.

మైక్రోఫైబర్ ప్యాడ్: పలుచని ఫోమ్ పొరపై పొట్టి కృత్రిమ పోగులను అతికించి చేస్తారు. డ్యూయల్ యాక్షన్ యంత్రంతో వాడినప్పుడు ఉన్నికి దరిదాపుల్లో పనిచేస్తుంది, అంతకంటే నున్నని ఉపరితలాన్నిస్తుంది. మెత్తని రంగులపై మాత్రం మసక మిగల్చవచ్చు. పోగుల్లో కాంపౌండ్, అరిగిన రంగుపొడి త్వరగా గట్టిపడతాయి. ఒక్కొక్క భాగం పూర్తి కాగానే బ్రష్‌తో గానీ, గాలితో గానీ శుభ్రం చేయకపోతే అదే కొత్త గీతలకు కారణమవుతుంది. వేడి ఎక్కువైతే పోగుల పొర ఊడిపోతుంది.

ఫోమ్ ప్యాడ్: అత్యధిక వైవిధ్యం గలది ఇదే. గట్టి కటింగ్ ఫోమ్, మధ్యరకం పాలిషింగ్ ఫోమ్, దూదిలా మెత్తని ఫినిషింగ్ ఫోమ్ దొరుకుతాయి. గుడ్డతో తుడవడం వల్ల పడిన సాధారణ సుడిగీతలకు మధ్యరకం ఫోమ్, తేలికపాటి పాలిష్ చాలా సందర్భాల్లో సరిపోతాయి. కాకపోతే ఫోమ్ వేడిని తనలో నిలుపుకుంటుంది. పాలిష్‌ను ఎక్కువగా పీల్చుకుంటే మెత్తబడి పట్టు కోల్పోతుంది. ఒక కారుకు ఒకే ప్యాడ్ వాడకుండా, మధ్య మధ్య మార్చేందుకు నాలుగైదు సిద్ధంగా ఉంచుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్యాడ్ రంగును చూసి దాని స్వభావాన్ని నిర్ణయించరాదు. ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు రంగులకు కంపెనీలన్నిటికీ వర్తించే ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీ వారి మెత్తని ప్యాడ్ రంగు మరో కంపెనీలో గట్టి ప్యాడ్‌ది కావచ్చు.

యంత్రం, వేడి

ప్యాడ్‌ను యంత్రం నుంచి విడదీసి చూడలేము. రోటరీ యంత్రంలో ప్యాడ్ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది. పని వేగంగా సాగుతుంది, కానీ ఒకేచోట కొన్ని క్షణాలు ఎక్కువ నిలిపినా వేడి పెరిగి పొర కాలిపోవచ్చు. డ్యూయల్ యాక్షన్ యంత్రంలో ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగుతుంది. ఘర్షణ ఒకే గీతలో పడదు కనుక హోలోగ్రామ్‌లు దాదాపుగా ఏర్పడవు. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే సురక్షితం.

తలుపు అంచులు, బానెట్‌పై ఎత్తుగా ఉండే మడతలు ప్రమాదకర స్థలాలు. అక్కడ రంగు పొర సహజంగానే పలుచన, పైగా ప్యాడ్ ఒత్తిడంతా ఒకే గీతపై పడుతుంది. వీటిపై కాగితపు టేపు అతికించి పని మొదలుపెట్టడం మంచి పద్ధతి. ప్లాస్టిక్ బంపర్లు వేడిని త్వరగా వదలవు కనుక అక్కడ వేగం తగ్గించాలి. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే పని చేయాలి.

మెత్తని దానితోనే మొదలు

ముందుగా బానెట్‌పై రెండడుగుల చదరాన్ని ఎంచుకుని, మెత్తని ఫోమ్‌తో, తేలికపాటి పాలిష్‌తో ప్రయత్నించాలి. తరువాత ఆల్కహాల్ కలిపిన ద్రావణంతో తుడిచి, టార్చి వెలుగులో పరిశీలించాలి. కొన్ని పాలిష్‌లలోని నూనెలు గీతలను నింపి, పోయినట్లు భ్రమ కలిగిస్తాయి. ఆల్కహాల్ ఆ ముసుగును తొలగిస్తుంది. ఫలితం చాలకపోతే మధ్యరకం ఫోమ్, అదీ చాలకపోతే మైక్రోఫైబర్, చివరికి ఉన్ని. ఈ వరుసను తలకిందులు చేసి ఉన్నితో ప్రారంభిస్తే సమయం కలిసిరావచ్చు, కానీ అవసరం లేని మైక్రాన్లు కూడా పోతాయి. అన్ని గీతలూ పోవాలన్న పట్టుదల కూడా తగదు. పదింట ఎనిమిది పోయి, పొర మిగిలితే అదే మంచి ఫలితం.

గీతలకు మూలం ఎక్కడ?

కోల్‌కతా గంగా మైదానపు ఒండ్రునేలపై వెలసిన నగరం. శీతకాలంలో సన్నని దుమ్ము, వానకాలంలో బురద చిందులు కార్లకు తప్పవు. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు ప్రధానంగా క్వార్ట్జ్. గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ కొలమానంలో దాని స్థానం 7. క్లియర్ కోట్ దాని ముందు ఏపాటిది కాదు. తెల్లవారుజామున ఒకే బకెట్ నీటితో, ఒకే పాత గుడ్డతో వరుసగా పలు కార్లను తుడిచే పద్ధతి కోల్‌కతాలోనే కాదు, హైదరాబాదు, విజయవాడ అపార్ట్‌మెంట్లలోనూ ఉన్నదే. మొదటి కారు దుమ్ము రెండో కారుపై ఇసుక కాగితంలా పనిచేస్తుంది. ఇందులో తుడిచేవారి తప్పు లేదు. వారికి ఇచ్చిన సరంజామా అంతే.

పరిష్కారం ఖరీదైనది కాదు. తుడిచే ముందు నీళ్లు పోసి దుమ్మును వదిలించడం, షాంపూ నీటికి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి మరో బకెట్ పెట్టడం, కారుకు విడిగా మైక్రోఫైబర్ గుడ్డ ఇవ్వడం, పొడిదుమ్మును పొడిగుడ్డతో రుద్దకపోవడం చాలు. కింద పడిన గుడ్డనూ, ప్యాడ్‌నూ ఉతకకుండా తిరిగి వాడరాదు.

దుకాణంలో అడగవలసినవి

పాలిష్‌కు కారు అప్పగించే ముందు వాహనదారు నాలుగు ప్రశ్నలు అడగడం మంచిది.

– రంగు మందాన్ని పరికరంతో కొలుస్తారా? ఇది పొరలన్నిటి మొత్తాన్నే చూపుతుంది, మామూలు పరికరం ప్లాస్టిక్‌పై పనిచేయదు. అయినా పలుచబడిన చోట్లను పట్టిస్తుంది.
– ముందుగా చిన్న చదరంపై ప్రయత్నించి చూపిస్తారా?
– ఏ ప్యాడ్‌తో మొదలుపెడతారు, ఎన్ని ప్యాడ్లు వాడతారు?
– చివరి దఫా మెత్తని ఫోమ్‌తో ముగించి, ఆల్కహాల్‌తో తుడిచి ఎండలో చూపిస్తారా?

ఈ ప్రశ్నలకు సూటిగా బదులిచ్చే పనివాడి చేతిలో ఉన్ని ప్యాడ్ అయినా క్షేమమే. బదులు దొరకని చోట కారుకు ఆ పండుగ రోజున మంచినీటి స్నానం, ఒక పూత మైనం చాలు. మైనం పొరను అరగదీయదు. పూజకు కావలసిన మెరుపును మాత్రం ఇస్తుంది.