రాయి వెంట వచ్చిన చుట్టాలు

రాత్రి పదకొండు దాటింది. హాల్లో దీపాలన్నీ ఆర్పేసి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి, అన్నయ్యా నేనూ అద్దాల ట్యాంకు ముందు గొంతుక్కూర్చున్నాం. డాలస్‌లో అన్నయ్య ఇల్లది. పగడాల ట్యాంకులో ఆ సాయంత్రం నుంచి ఒక చేప కనిపించడం లేదు. ఎర్ర వెలుతురును పురుగులూ పీతలూ పెద్దగా పసిగట్టవు. కాసేపటికి రాతి సందులోంచి వేలెడు పొడవున్న గులాబీరంగు పురుగు బయటికొచ్చింది. ఒంటికి రెండు వైపులా తెల్లటి నూగు. రాతి వెనక ఇరుక్కున్న చేప కళేబరం మీదికి పాకి, తినడం మొదలుపెట్టింది.

“దొరికిందిరా దొంగ!” అంటూ అన్నయ్య పట్టుకారు అందుకున్నాడు.

“ఆగు అన్నయ్యా. చంపింది ఇదేనంటావా?”

ఉప్పునీటి ట్యాంకులో పెట్టే ‘లైవ్ రాక్’ ఒట్టి రాయి కాదు. దాని బొక్కల్లో పురుగులు, పీతలు, నత్తలు, నాచు కాపురముంటాయి. పగడం ముక్క వెంట కూడా గుడ్లు వస్తాయి. పిలవని పేరంటానికి వచ్చిన ఈ చుట్టాల్లో ఎక్కువమంది ఇల్లు ఊడ్చిపెట్టేవాళ్లే. అన్నయ్య పట్టుకోబోయిన బ్రిసిల్ వార్మ్ మిగిలిపోయిన మేతనూ, చచ్చినవాటినీ తిని నీటిని కాపాడుతుంది. ఒట్టి చేత్తో తాకితే మాత్రం నూగు గుచ్చుకుని మండుతుంది. టేపు అంటించి లాగితే చాలావరకు ఊడొస్తుంది.

అసలు దొంగలు వేరే ఉన్నారు. ఇంగ్లండ్‌లోని న్యూకీ పట్టణంలో బ్లూ రీఫ్ అక్వేరియంలో పగడాలు తెగిపడుతుంటే, చేపలకు గాయాలవుతుంటే సిబ్బందికి కారణం అంతుబట్టలేదు. ఎర వేసి ఉచ్చులు పెడితే అవీ ధ్వంసమయ్యాయి. చివరికి 2009లో రాళ్లన్నీ ఒక్కొక్కటిగా తీసి చూస్తే, దాదాపు నాలుగడుగుల బాబిట్ వార్మ్! తల మీద అయిదు మీసాలు, కత్తెరలాంటి దవడలు, ఇంద్రధనుస్సులా మెరిసే ఒళ్లు ఉంటే అది వదిలేయాల్సిన పురుగు కాదు.

నన్ను అడిగితే, బాబిట్ కన్నా ఎక్కువ ఇళ్లను ఏడిపించేది ఐప్టేసియా అనే సీ అనిమోన్. గోధుమరంగులో, గాజులా, చిటికెనవేలంత తాటిచెట్టులా ముద్దుగానే ఉంటుంది. గోకితే సర్వనాశనం: రాతికి అంటుకున్న ప్రతి తునకా మళ్లీ మొలుస్తుంది. దీనికి అన్నయ్య వాడే మందు మన తాంబూలంలో వేసుకునే సున్నమే. గట్టిగా కలిపి సిరంజిలోకి తీస్తాడు. ముందు పంపులు ఆపుతాడు. తాకితే ముడుచుకుని బొక్కలోకి జారిపోతుంది గనుక, ఊపిరి బిగబట్టి, సూదిని నోటి దాకా తీసుకెళ్లి మెల్లగా వదులుతాడు. మేత అనుకుని అది మింగుతుంది. ఒక్కరోజే అన్నిటికీ వేస్తే నీటి క్షారగుణం పెరిగిపోతుంది, అందుకే రోజుకు మూడు నాలుగే. మందు వద్దనుకునేవాళ్లకు పెప్పర్‌మింట్ రొయ్యలున్నాయి. బెర్గియా అనే చిన్న సముద్రపు నత్తయితే ఐప్టేసియా తప్ప మరేదీ ముట్టదు.

రాతిలోంచి ‘టక్’మని చప్పుడొస్తే మరో దొంగ, మాంటిస్ రొయ్య అనుకుంటారు. పాపం, ఏ హానీ చెయ్యని పిస్టల్ రొయ్య కూడా అలాగే చప్పుడు చేస్తుంది. మాంటిసే అయితే రాయిని బయటికి తీసి, బొక్కలో సోడా నీళ్లు పోస్తే బయటికి దూకుతుంది.

ఒక్కటి మాత్రం చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది: ఈ చుట్టాలను వదిలించుకోవాలని రాళ్లను ఉడకబెట్టకండి. వాటి మీద పెరిగే, పగడాల్లాంటి జోవాంథిడ్ జాతుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ఘోర విషముంటుంది, అది ఆవిరితో పాటు లేస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లో ఒక ఇంట్లో ట్యాంకులోని పగడం నుంచి ఇలాంటి విషం వెలువడి, ఇంటివాళ్లతో పాటు సాయానికొచ్చిన అగ్నిమాపక సిబ్బందీ ఆసుపత్రిలో చేరారు. పగడాన్ని డిప్ మందులో ముంచి, కొన్ని వారాలు వేరే ట్యాంకులో ఉంచడం ఉడకబెట్టడం కన్నా ఎన్నో రెట్లు నయం.

తీసేసిన ప్రాణిని గానీ నాచును గానీ చెరువులో, సముద్రంలో వదలకూడదు. 1984లో మొనాకో ఓషనోగ్రాఫిక్ మ్యూజియం కింద చిన్న చాపంత మేర కనబడ్డ కాలెర్పా నాచు మధ్యధరాలో వేల ఎకరాలు కమ్మేసింది. ఇక మన దేశంలో రాతి పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. వాటిని తీసినా, అమ్మినా నేరమే.

ఆ రాత్రి అన్నయ్య కాసేపు ఆలోచించి, “నాలుగు రోజులుగా మేత ముట్టలేదురా ఆ చేప” అన్నాడు. పట్టుకారు పక్కన పెట్టేశాడు.

తెల్లారేసరికి రాతి వెనక చేప ముల్లు తప్ప ఏమీ మిగల్లేదు. నీళ్లు పరీక్షిస్తే అమ్మోనియా జాడ లేదు.