కోచ్ సరేనన్నాడు, సీటు ఇంకా రాలేదు

మా అమ్మాయి వంద గజాల బటర్‌ఫ్లై ఈదుతుంది. అమెరికాలో హైస్కూలు పోటీలకూ కాలేజీ పోటీలకూ కొలను 25 గజాలది. గోడ తాకగానే సెకనులో నూరోవంతు దాకా టైము బోర్డెక్కుతుంది. గుంటూరులో ఎంసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లినదాన్ని నేను. ఇంత నిక్కచ్చి లెక్క ఉన్నచోట, టైముంటే సీటుంటుందని ఎవరైనా అనుకుంటారు.

న్యూజెర్సీలో మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఈత, టెన్నిస్, ఫెన్సింగ్ పిల్లలు చాలామందే ఉన్నారు. అందరి ఇళ్లలోనూ పదకొండో క్లాసు నుంచి ఒకటే గుబులు. మా అత్తగారు తెనాలి నుంచి ఫోన్ చేసి, "సీటొచ్చిందామ్మా?" అంటారు. "కోచ్ ఒప్పుకున్నాడత్తయ్యా, ఇంకా కాలేజీ ఒప్పుకోవాలి" అంటే, "కోచ్ కాలేజీవాడు కాదా ఏంటి?" అని ఆవిడ ఆశ్చర్యం. ఎంత డబ్బు పోసినా ఇక్కడి కౌన్సెలర్లెవరూ ఇంత సూటిగా అడగలేదు.

కాలేజీవాడే. కానీ సీటిచ్చేది అడ్మిషన్ ఆఫీసు. కోచ్ సిఫారసు మాత్రమే చేస్తాడు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ఎనిమిదింటిలోనూ ఆటకు స్కాలర్‌షిప్ లేదు. కాలేజీ ఆటల్లో మూడో అంచె అయిన డివిజన్ 3 కాలేజీల్లోనూ లేదు. అక్కడ కోచ్ దగ్గరున్నది ఆ సిఫారసొక్కటే. అది తక్కువదేమీ కాదు. అడ్మిషన్ల విషయంలో హార్వర్డ్ మీద నడిచి 2023లో అమెరికా సుప్రీంకోర్టులో తేలిన కేసులో బయటపడ్డ లెక్కల్లో, కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లలో 86 శాతం మందికి సీట్లొచ్చాయి. మామూలు దారిలో వెళ్లినవాళ్లలో పదిమందికి ఒక్కరికి కూడా రాలేదు. ఈ 86 చూసి మావాళ్లు పొంగిపోతారు. అది కోచ్ తన జాబితాలో నిజంగా పేరు రాసిన పిల్లల లెక్క. నవ్వుతూ మాట్లాడి, టీషర్టు సైజు కనుక్కుని పంపించిన పిల్లలు ఆ లెక్కలో ఉండరు.

వరస ఇదీ. ఐవీ లాంటి డివిజన్ 1 కాలేజీలైతే, చాలా ఆటల్లో పదో క్లాసు అయ్యాక, జూన్ 15 నుంచి కోచ్‌లు పిల్లలతో మాట్లాడొచ్చు. పన్నెండో క్లాసుకు ముందు వేసవిలో మార్కులు, సబ్జెక్టుల వివరాలు తీసుకుని అడ్మిషన్ ఆఫీసుకు చూపిస్తారు. దీన్ని ప్రీ-రీడ్ అంటారు. అక్కడ బాగుందంటే, చాలాచోట్ల నవంబరు మొదట్లో ఎర్లీ డెసిషన్‌లో అప్లై చెయ్యమంటారు. అది ఒక్క కాలేజీకే చేసేది, సీటొస్తే చేరి తీరాలి. ఐవీ కాలేజీలైతే అక్టోబరు 1 తర్వాత, ఇంచుమించు సీటు ఖాయమని 'లైక్లీ లెటర్' ఇవ్వొచ్చు. విలియమ్స్, ఆమ్హర్స్ట్ లాంటి చిన్న కాలేజీల్లో ఒక్కో కోచ్‌కు కొన్ని స్లాట్లే, అంటే పూర్తి మద్దతుతో పేరు రాసే చోట్లు. అవి అయిపోయాక మిగిలిన పిల్లలకు "నేనో మాట చెబుతాను" అనే మెత్తని మద్దతు. ఇబ్బందేమిటంటే, స్లాటు మాటా, ఈ మెత్తని మాటా మనకు ఒకేలా వినబడతాయి.

కోచ్‌లను తిట్టబుద్ధి కాదు. స్లాట్లు నాలుగుంటే పదిమందితో మాట్లాడక తప్పదు, సగం మంది వేరే చోటికి పోతారు. పైగా 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక, హైస్కూలు పిల్ల బదులు ఆరితేరిన ఇరవయ్యేళ్ల అమ్మాయి వేరే కాలేజీ నుంచి దొరుకుతుంది. 2019లో లంచాలు తిన్న కోచ్‌ల బాగోతం బయటపడ్డప్పటి నుంచి కోచ్‌ల జాబితాల మీద నిఘా కూడా పెరిగింది. జట్టే ఉంటుందో లేదో కూడా తెలియదు. 2020లో స్టాన్‌ఫర్డ్ ఒకేసారి 11 ఆటలను ఎత్తేస్తామంది, మరుసటేడు గొడవ ముదిరాక వెనక్కి తగ్గింది. ఇన్ని అనిశ్చితుల్లో కోచ్ తన జాగ్రత్త తను చూసుకుంటాడు. నష్టం మాత్రం పదిహేడేళ్ల పిల్లది. నవంబరు అవకాశం ఒక కాలేజీకి రాసిచ్చేస్తే అది మళ్లీ రాదు.

అందుకే అడగాలి. పెద్దవాళ్లను నిలదీసినట్టుంటుందని మన పిల్లలు నసుగుతారు. పోనీ మనం అడుగుదామంటే కోచ్‌లకు తల్లిదండ్రులు మాట్లాడితే నచ్చదు. మా అమ్మాయికి కాగితం మీద రాసిచ్చాను: ఈ ఏడు మీకు ఎన్ని స్లాట్లు? అందులో ఒకటి నాకిస్తున్నారా? ప్రీ-రీడ్ బాగుండి, మీరు పూర్తి మద్దతిచ్చాక కూడా సీటు రానివాళ్లు ఈ మధ్య ఎవరైనా ఉన్నారా?

ఒక కోచ్ "నువ్వంటే మాకు చాలా ఇష్టం" అన్నాడు. అడిగినదానికీ దానికీ సంబంధం లేదు. ఇంకొకామె, "స్లాటు లేదమ్మా, ఇద్దరు బటర్‌ఫ్లై పిల్లలకు ఇచ్చేశాను. నీ మార్కులతో మామూలుగా వస్తే జట్టులోకి తీసుకుంటాను" అంది. ఫోన్ పెట్టేసి అమ్మాయి కాసేపు ఏడ్చింది. నాకైతే ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. ఎర్లీ డెసిషన్‌కు మూడో కాలేజీని ఎంచుకున్నాం. అక్కడి కోచ్ స్లాటు ఉందని నోటితో చెప్పి, ఈమెయిల్‌లోనూ రాశాడు.

మొదటి కోచ్ మెసేజులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మీట్ ఎలా జరిగింది, భుజం నొప్పి తగ్గిందా అని ఆప్యాయంగా అడుగుతాడు. స్లాటు సంగతి మాత్రం ఎత్తడు.