ఒక ఇంప్లాంట్ పన్నుకు 25 ఏళ్లలో అయ్యే ఖర్చు ఎంత?

దవడ పన్ను పోయినచోట ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) పెట్టించుకోమని పళ్ల డాక్టర్ చెబుతారు. ఒక క్లినిక్‌లో 25 వేలంటారు. రెండు వీధుల అవతల అదే పనికి 50 వేలంటారు. చివరికి నోట్లో కనిపించేది రెండుచోట్లా ఒక్కలాంటి తెల్ల పన్నే. మరి తేడా ఎక్కడుంది? అది పెట్టించుకున్న రోజున కనిపించదు. పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక బయటపడుతుంది. కాబట్టి ఖర్చును కూడా అన్నేళ్లకూ కలిపే చూడాలి.

ముందు అసలు వస్తువు సంగతి. ఇంప్లాంట్ పన్నులో మూడు భాగాలుంటాయి. మొదటిది దవడ ఎముకలోకి దిగే టైటానియం స్క్రూ. రెండోది దానిమీద నిలబడే అబట్‌మెంట్ (స్క్రూను, పైపన్నును కలిపే మధ్య ముక్క). మూడోది పైకి కనిపించే క్యాప్. మూడింటి ఆయుష్షూ ఒకటి కాదు. స్క్రూ కొన్ని దశాబ్దాలు నిలవగలదు. క్యాప్ మాత్రం నమిలే ఒత్తిడికి అరుగుతుంది, ఒక్కోసారి అంచు విరుగుతుంది. కొన్నేళ్లకు మార్చాల్సి రావచ్చు. మధ్య ముక్కను పట్టి ఉంచే చిన్న మర వదులైతే మళ్లీ బిగించాలి. 'ఒకసారి పెట్టిస్తే జీవితాంతం' అన్న మాట స్క్రూ వరకు చాలామంది విషయంలో నిజం కావచ్చు. మొత్తం పన్నుకు అది వర్తించదు.

ఈ పద్ధతి అనుకోకుండా దొరికింది. 1952లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చి, లోపలి రక్తప్రసరణను గమనిస్తున్నారు. పని అయ్యాక పరికరాన్ని తీయబోతే అది రాలేదు. ఎముక దాన్ని పట్టేసింది. దీనికే ఆసియోఇంటిగ్రేషన్ (లోహానికి ఎముక నేరుగా అతుక్కోవడం) అని పేరు. 1965లో యోస్తా లార్సన్ అనే వ్యక్తి దవడలో బ్రోనెమార్క్ ఈ స్క్రూలు బిగించారు. 2006లో లార్సన్ మరణించేదాకా, అంటే 40 ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి. 1982లో టొరంటోలో దీనిపై జరిగిన సదస్సు తర్వాత ఈ చికిత్స ప్రపంచమంతా వ్యాపించింది. స్వీడన్, స్విట్జర్లాండ్ కంపెనీల పక్కన కొరియా, ఇజ్రాయెల్, భారత్ కంపెనీలూ చేరాయి. ఇప్పుడు మన క్లినిక్‌లలో ఇన్ని రకాల ధరలు వినిపించడానికి ఇదొక కారణం.

ఎక్కువ ధరలో కొంత భాగం వస్తువు నాణ్యతకు పోతుంది. స్క్రూ ఉపరితలాన్ని ఇసుకలాంటి రేణువులతో, ఆమ్లాలతో గరుకు చేస్తారు. ఆ గరుకుదనాన్ని ఎముక కణాలు త్వరగా పట్టుకుంటాయి. స్క్రూకూ మధ్య ముక్కకూ అతుకు ఎంత బిగువుగా కుదిరితే సూక్ష్మజీవులు దూరే సందు అంత తక్కువ. మర వదులయ్యే అవకాశమూ అంతే తగ్గుతుంది. పాత కంపెనీలకు మరో బలం ఉంది. వాటి స్క్రూలు పదిహేను, ఇరవై ఏళ్లకు ఎలా ఉన్నాయో చూసిన అధ్యయనాలు ఉంటాయి. విడిభాగాలు అప్పటికీ దొరుకుతాయి.

మిగతా భాగం పనితనానికి పోతుంది. స్క్రూ పెట్టేముందు సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకను మూడు కొలతల్లో చూపే ఎక్స్‌రే) తీస్తే ఎముక మందం, లోపలి నరం ఉన్నచోటు తెలుస్తాయి. స్క్రూ సరైన కోణంలో దిగకపోతే ఎంత పేరున్న కంపెనీదైనా ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. అందుకని ధర ఎక్కువైనంత మాత్రాన నాణ్యత ఉందనుకోలేం. ఆ ధరలో ఏమేం కలిశాయో విడివిడిగా అడగాలి.

దీర్ఘకాల అధ్యయనాల ప్రకారం పదేళ్ల తర్వాత కూడా నూటికి 90కి పైగా ఇంప్లాంట్లు నోట్లో నిలిచే ఉంటున్నాయి. అయితే నిలిచి ఉన్నవన్నీ ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. దీనికి కారణం శరీర నిర్మాణంలో ఉంది. సహజమైన పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారల పొర ఉంటుంది. బండికి షాక్ అబ్జార్బర్ లాగా అది నమిలే ఒత్తిడిని తట్టుకుంటుంది. తేడా వస్తే నొప్పితో హెచ్చరిస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. సహజ పన్నును చిగురు నారలు గట్టిగా అల్లుకుని ఉంటాయి. ఇంప్లాంట్ చుట్టూ ఆ అల్లిక బలహీనం. అందువల్ల పాచి, గార పేరుకుంటే వాపు చిగురు దాటి ఎముకను చేరుతుంది. దీన్ని పెరి-ఇంప్లాంటైటిస్ (ఇంప్లాంట్ చుట్టూ వాచి ఎముక కరిగిపోవడం) అంటారు. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. స్క్రూ కదిలేసరికి ఎముక చాలావరకు పోయి ఉంటుంది. లోహానికి పిప్పి పట్టదన్నది నిజమే కానీ, దాన్ని పట్టుకున్న ఎముకకు ఆ రక్షణ లేదు. పొగ తాగేవారికి, షుగర్ అదుపులో లేనివారికి, చిగుళ్ల జబ్బుతోనే పళ్లు పోగొట్టుకున్నవారికి ఈ ముప్పు ఎక్కువ.

ఇప్పుడు ఊహగా ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊరిని బట్టి మారతాయి, లెక్క వేసే తీరును చూడండి. 45 ఏళ్ల మనిషికి ఒక దవడ పన్ను పోయింది. 25 ఏళ్ల ఖర్చు చూడాలి. బ్రిడ్జ్ వేయిస్తే అటూ ఇటూ పళ్లను అరగదీసి, మూడు క్యాప్‌లను కలిపి తొడుగుతారు. ఒక్కోటి 8 వేల చొప్పున 24 వేలు. పన్నెండు పదమూడేళ్లకు మార్చితే మరో 24 వేలు. అరగదీసిన పళ్లలో ఒకదానికి రూట్ కెనాల్ అవసరమైతే 6 వేలు. మొత్తం 54 వేలు. ఇంప్లాంట్‌కు మొదట 40 వేలు, మధ్యలో క్యాప్ మార్పుకు 12 వేలు, ఎక్స్‌రేలకూ మర బిగింపుకూ 8 వేలు. మొత్తం 60 వేలు. ఏడాదికి లెక్కిస్తే ఒకటి 2,160 రూపాయలు, మరొకటి 2,400. దాదాపు సమానం. పళ్ల క్లీనింగ్ ఖర్చు ఎటూ రెంటికీ తప్పదు.

మూడో దారి కూడా లెక్కిద్దాం. 25 వేలకు పెట్టించిన ఇంప్లాంట్ ఐదేళ్లకు ఊడింది. దాన్ని తీసి, కరిగినచోట ఎముక పొడి నింపడానికి 25 వేలు. రెండోసారి ఇంప్లాంట్‌కు 40 వేలు. అప్పటికే 90 వేలయ్యాయి. ఎముక పొడి గట్టిపడటానికి కొన్ని నెలలు, ఆపైన కొత్త స్క్రూ అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. 25 ఏళ్ల ఖర్చును పెంచేది మొదటి ధర కన్నా మధ్యలో వచ్చే వైఫల్యం. మంచి ఇంప్లాంట్ విలువ ఆ వైఫల్యం వచ్చే అవకాశాన్ని తగ్గించడంలోనే ఉంది. సాధారణ ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదంలో దెబ్బతింటే తప్ప పంటి చికిత్సకు డబ్బివ్వవు. కనుక ఈ భారం మన జేబు మీదే పడుతుంది.

అందరికీ ఇంప్లాంటే సరైనదని చెప్పలేం. రూట్ కెనాల్‌తో, క్యాప్‌తో సొంత పన్ను నిలిచే వీలుంటే ముందు అదే చూడాలి. పక్క పళ్లకు ఎలాగూ క్యాప్‌లు అవసరమైతే బ్రిడ్జ్ సబబే. పక్క పళ్లు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు వాటిని అరగదీయకపోవడమే ఇంప్లాంట్‌లోని పెద్ద లాభం. కింది పళ్లన్నీ పోయిన పెద్దవారికి ప్రతి పన్నుకూ ఒక స్క్రూ అక్కర్లేదు. రెండు స్క్రూలు బిగించి, వాటిమీద కట్టుడు పళ్ల సెట్టు నొక్కి నిలిపే పద్ధతి ఉంది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 2002లో సమావేశమైన నిపుణులు ఇలాంటివారికి మొదట సూచించాల్సింది దీన్నేనన్నారు. ఏదీ చేయించకుండా వదిలేస్తే దానికీ ఒక ఖర్చుంది. ఖాళీలోకి పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను దిగుతుంది, ఎముక సన్నబడుతుంది. తర్వాత చేసే పని పెరుగుతుంది.

చికిత్స పూర్తయ్యాక ఒక కాగితం తప్పకుండా తీసుకోవాలి. స్క్రూ కంపెనీ, రకం, కొలత, బ్యాచ్ నంబరు అందులో ఉండాలి. చాలా కంపెనీల మరలకు వేర్వేరు బిగింపు పరికరాలు కావాలి. అమెరికా నుంచి సెలవుల్లో హైదరాబాద్ వచ్చి పన్ను పెట్టించుకున్నవారికి డాలస్‌లో మర వదులైతే, అక్కడి డాక్టర్‌కు మొదట కావాల్సింది ఆ వివరాలే. వారంటీ గురించీ అప్పుడే అడగాలి. అది చాలాసార్లు విరిగిన లోహభాగానికి మాత్రమే వర్తిస్తుంది, డాక్టర్ ఫీజు అందులో ఉండదు. బేరం మొదలుపెట్టేముందు అడగాల్సినవి మూడున్నాయి: ఈ ధరలో ఏమేం కలిశాయి, ఏటా ఏ పరీక్షలు చేయాలి, పాడైతే ఎవరి ఖర్చుతో ఎవరు సరిచేస్తారు. వీటికి రాతపూర్వకంగా జవాబిచ్చే క్లినిక్‌ల ధరలనే ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి.