ట్రాక్టరునకు దంతె కట్టుట: పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన విషయములు

తెలంగాణలో 2019 సెప్టెంబరున ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద నాటి 12,769 గ్రామ పంచాయతీలకును ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. చెత్త మోయుటకును, మొక్కలకు నీరు పోయుటకును ఇవి అక్కరకు వచ్చినవి. అయితే ట్రాక్టరు ట్రాలీని లాగుటకు మాత్రమే పుట్టిన యంత్రము కాదు. దాని వెనుక తగిలించుటకు పెక్కు పనిముట్లు కలవు. వానిలో చిన్న ట్రాక్టరునకు తగినదియు, గ్రామమున నిత్యము పని కల్పించునదియు దంతె. క్రొత్తగా కొన్న దంతెను మొదటిసారి ఎట్లు తగిలించి సరిచేయవలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఇది డ్రైవరు చూచుకొను పని యని సభ్యులు ఊరకుండరాదు. ఇందు ప్రజల సొమ్మును, డ్రైవరు ప్రాణమును ఇమిడి యున్నవి.

దంతె చేయు పని

అడ్డముగా నుండు ఉక్కు దూలమునకు వరుసగా బిగించిన వంకర పండ్లే దంతె. అవి స్ప్రింగు గుణము గల ఉక్కుతో చేయబడుటచే రాయి తగిలినపుడు కొంత వంగి మరల నిలుచును. మొరము బాటపై లేచిన రాళ్ళను ప్రోగుచేయుట, క్రొత్తగా పోసిన మొరమును సమముగా పరచుట, ఆటస్థలములోని పెరికిన కలుపును, చెత్తను ఒకచోటికి లాగుట దీని పనులు. గట్టి నేలను త్రవ్వుట, కాలువ తీయుట దీని పనులు కావు. అట్టి పనికి పూనినచో పండ్లు విరుగును.

కొనునపుడే వెడల్పు చూడవలెను. దూలమును ఏటవాలుగా త్రిప్పినపుడు కూడ దాని వెడల్పు వెనుక టైర్ల వెలుపలి అంచులను దాటవలెను. లేనిచో టైర్ల జాడలు చెరగక నిలిచిపోవును.

మూడు చోట్ల పట్టు

తొలినాటి ట్రాక్టర్లు నాగలిని గొలుసుతో వెనుక లాగెడివి. నాగలి భూమిలోని బండకు తట్టుకొన్నపుడు వెనుక చక్రములు తిరుగుచునే యుండగా ముందు భాగము పైకి లేచి, బండి డ్రైవరుపై తిరుగబడెడిది. ఐర్లండులో 1884లో జన్మించిన హారీ ఫెర్గూసన్ ఈ ఆపదకు విరుగుడు వెదకెను. క్రింద రెండు చేతులు, పైన ఒక చేయి కల లంకెను అతడు రూపొందించెను. పనిముట్టునకు తగులు ఎదురుపట్టు పై చేతి ద్వారా ముందుకు త్రోయుటచే ముందు చక్రములు నేలను విడువవు. 1939లో వెలువడిన ఫోర్డు-ఫెర్గూసన్ ట్రాక్టరుతో ఈ విధానము బహుళ ప్రచారము పొందినది. నేడు మన పల్లెల ట్రాక్టర్ల వెనుక నున్నది ఈ లంకెయే. పై చేతినే మన డ్రైవర్లు టాప్ లింకు అందురు.

మొదటి తరగతి లంకెలో క్రింది పిన్నులు 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ. లావుండును. రెండవ తరగతిలో క్రిందివి 28 మి.మీ., పైది సుమారు 25 మి.మీ. ఉండును. ట్రాక్టరు తరగతియు దంతె తరగతియు ఒకటి కావలెను. పెద్ద రంధ్రమున సన్నని పిన్ను దూర్చుట, లించు పిన్నుకు బదులు మేకునో తీగనో చుట్టుట ఎంతమాత్రము కూడదు. పిన్ను జారిన క్షణమున దంతె డ్రైవరు అదుపు తప్పును.

తగిలించు క్రమము

దంతెను చదునైన నేలపై నిలువవలెను. డ్రైవరు క్రింది చేతులను దంతె పిన్నుల ఎత్తునకు దించి, నెమ్మదిగా వెనుకకు రావలెను. ఆ సమయమున ట్రాక్టరునకు దంతెకు నడుమ ఎవరును నిలువరాదు. బండి ఆగి, హ్యాండు బ్రేకు పడి, ఇంజను ఆగి, తాళపుచెవి తీసిన పిమ్మటనే మనిషి లోపలికి పోవలెను.

మొదట ఎడమ చేతిని తగిలింపవలెను. తరువాత కుడి చేయి. దీనిని పైకి క్రిందికి సవరించు మర ఉండుటచే ఇది రెండవదిగా సులువుగా కుదురును. చివర టాప్ లింకు. విప్పునపుడు దంతెను నేలకు దించి, టాప్ లింకును ముందు, కుడి చేతిని తరువాత, ఎడమ చేతిని చివర విప్పవలెను.

ఇట్లు తగిలించిన పిదప రెండు ప్రక్కల చెయిన్లను సవరించి, దంతె ఊగి టైర్లకు తగులకుండ చేయవలెను. దంతెను మెల్లగా పూర్తి ఎత్తునకు లేపి, దూలము ఏ వైపునకు త్రిప్పినను టైర్లకు తగులుట లేదని చూచుకొనవలెను. దంతెకు ఇంజను త్రిప్పుడు శక్తి అక్కరలేదు. కావున పి.టి.ఓ. లివరు ఆపియే యుంచవలెను.

సరిచేయు విధము

వెనుకనుండి చూచినపుడు దూలము నేలకు సమాంతరముగను, ప్రక్కనుండి చూచినపుడు దంతె నిలువు చట్రము నిటారుగను ఉండవలెను. మొదటిది కుడి చేతి మరతోను, రెండవది టాప్ లింకుతోను కుదురును. టాప్ లింకును ఒక్కొక్క చుట్టు మాత్రమే మార్చి, పది గజములు నడపి, నేలను చూచి, మరల మార్చవలెను. లోతును హైడ్రాలిక్ పొజిషను లివరుతో నిలుపవలెను. మొదటిసారి పండ్లు నేలను తాకీ తాకనట్లుండుట మేలు. వేగము మనిషి నడకను మించరాదు. నేల బురదగాను, రాతివలె ఎండియు ఉండక కొంత పదునుతో నున్నపుడు పని చక్కగా సాగును.

బాట విషయమున ఒక మాట. బాట నడుమ ఎత్తుగను, అంచులు పల్లముగను ఉన్ననే వాననీరు ప్రక్కలకు పోవును. దూలమును ఏటవాలుగా త్రిప్పి, అంచుల మొరము నడుమకు చేరునట్లు లాగవలెను. గుంటలను ముందుగా పూడ్చనిదే ఈ పని నిలువదు. కుళాయి గొట్టములు, వాల్వులు ఉన్న చోట్లను ముందే గుర్తింపవలెను.

మొదటి కొన్ని గంటల పని పిదప బోల్టులన్నియు మరల బిగింపవలెను. క్రొత్త యంత్రమున అవి సహజముగా వదులగును.

మరువరాని జాగ్రత్తలు

పండ్లు నేలపై నుండగా బండిని వెనుకకు నడుపుటగాని, బిగువుగా మలుపు త్రిప్పుటగాని చేయరాదు. దంతెపై ఎవరిని ఎక్కనీయరాదు. బరువునకై పిల్లలను నిలబెట్టుట మహాపరాధము. వెనుక బరువు వలన ముందు చక్రములు తేలికగుచున్నచో ముందు బరువులు తగిలింపవలెను. ట్రాక్టరు మొత్తము బరువులో కనీసము ఐదవ వంతు ముందు ఇరుసుపై నిలువవలెననునది అనుసరింపదగిన కొలత. దిగబడిన బండిని లాగుటకు టాప్ లింకు చోట త్రాడు కట్టరాదు. కట్టినచో, ఏ ప్రమాదమును తప్పించుటకు ఈ లంకె పుట్టెనో ఆ ప్రమాదమే మరల వచ్చును. త్రాడును క్రిందనున్న డ్రాబారునకే కట్టవలెను.

సభ్యులు చేయవలసినది

దంతె వచ్చిన దినమున అమ్మినవారి మనిషిచే డ్రైవరు ఎదుటనే తగిలింపించి, విప్పించి, మరల డ్రైవరుచే తగిలింపింపవలెను. ఒకరిద్దరు సభ్యులు దగ్గరనుండి చూడవలెను. అదనపు పిన్నులు రెండు జతలు కొని పంచాయతీ కార్యాలయమున నుంచవలెను. ఎన్ని గంటలు పని చేసినది, ఏ పన్ను మార్చినది పుస్తకమున వ్రాయించి, నెలకొకసారి సమావేశమున చూడవలెను.

ఇంతమాత్రపు శ్రద్ధకు ఖర్చు స్వల్పము, సమయము అరపూట. అది లేనిచో దంతె షెడ్డులో తుప్పు పట్టును, లేదా ఒకనాడు ఒక ఇంటి దీపమును ఆర్పును. ప్రజలు తమ సొమ్మును నమ్మి అప్పగించిన సభ్యులు ఆ అరపూటను వెచ్చింతురని మేము విశ్వసించుచున్నాము.