వాతావరణ సమాచార వినిమయ వ్యవస్థ

వివిధ దేశాల వాతావరణ శాఖలు తమ పరిశీలనలను, అంచనాలను, హెచ్చరికలను ఒకరికొకరు అందజేసుకొనుటకు ఏర్పరచుకొన్న దూరసంచార యంత్రాంగాన్ని వాతావరణ సమాచార వినిమయ వ్యవస్థ అంటారు. దీనిని ఐక్యరాజ్య సమితి అనుబంధ సంస్థలలో ఒకటైన ప్రపంచ వాతావరణ సంస్థ సమన్వయపరుస్తుంది. అనేక దశాబ్దాలుగా పనిచేస్తున్న గ్లోబల్ టెలికమ్యూనికేషన్ సిస్టమ్ స్థానంలో ఇప్పుడు డబ్ల్యు.ఐ.ఎస్. 2.0 అనే కొత్త వ్యవస్థ ప్రవేశిస్తున్నది. సంక్షిప్తంగా జి.టి.ఎస్. అని పిలిచే పాత వ్యవస్థ ప్రధానంగా వాతావరణ శాఖల మధ్య గల ప్రత్యేక మార్గాలలో నడిచింది. కొత్తది అందరూ వాడే అంతర్జాలం మీద నడుస్తుంది. అందువలన సమాచారం వేగంగా చేరడం ఎంత ముఖ్యమో, అది అసలైనదేనని నిర్ధారించుకోవడం కూడా అంతే ముఖ్యమైనది.

అవసరం

గాలికి, మేఘానికి దేశాల సరిహద్దులు లేవు. బంగాళాఖాతంలో బలపడే కొన్ని వాయుగుండాలు దక్షిణ చైనా సముద్రంలో పుట్టి, థాయిలాండ్ మీదుగా వచ్చిన వ్యవస్థల అవశేషాలే. కొద్ది రోజుల ముందుగా వాతావరణాన్ని అంచనా వేయాలంటే కంప్యూటరుకు భూగోళమంతటి పరిశీలనలు కావాలి. పల్నాడులో కల్లాలలో ఆరబోసిన మిరపకాయలపై పట్టాలు కప్పుకోవాలా, పత్తి తీత వాయిదా వేసుకోవాలా అని రైతు నిర్ణయించుకొనే సూచన వెనుక కూడా అనేక పరదేశాల కొలతలు ఉంటాయి.

చరిత్ర

1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరులో మచిలీపట్నాన్ని తుఫానులు ముంచెత్తి వేలాది మందిని బలిగొన్నాయి. ఆ తరువాత కరువులు కూడా రావడంతో 1875లో భారత వాతావరణ శాఖ స్థాపించబడినది. అంతకు రెండేళ్ళ ముందు, 1873లో, అంతర్జాతీయ వాతావరణ సంస్థ ఏర్పడినది. దాని వారసురాలిగా 1950లో ప్రపంచ వాతావరణ సంస్థ ఉనికిలోకి వచ్చింది. ఈ సంస్థ 1963లో ప్రారంభించిన 'వరల్డ్ వెదర్ వాచ్' కార్యక్రమంలో పరిశీలన, దూరసంచారం, గణన అనే మూడు విభాగాలున్నాయి. అందులో దూరసంచార విభాగమే జి.టి.ఎస్.

1995లో సభ్యదేశాలు 40వ తీర్మానం ద్వారా అత్యవసర వాతావరణ సమాచారాన్ని ఉచితంగా, ఆంక్షలు లేకుండా పంచుకోవాలని అంగీకరించాయి. 2021లో దానికి బదులు మరింత విస్తృతమైన ఏకీకృత సమాచార విధానం ఆమోదించబడినది.

ఒక పరిశీలన ప్రయాణం

వేసవి ఎండలకు పేరుపడిన పల్నాడు జిల్లా రెంటచింతలలో భారత వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉన్నది. అటువంటి కేంద్రాలలో ఉదయం 8.30 గంటలకు, అనగా అంతర్జాతీయ ప్రమాణ సమయం 3.00 గంటలకు, కొలతలు తీసుకొంటారు. భాషలు వేరైనా అందరికీ అర్థమగుటకు వీటిని ఐదేసి అంకెల సంకేతాలుగా మార్చే పద్ధతి చిరకాలంగా ఉన్నది. ఉదాహరణకు ఉష్ణోగ్రత 31.4 డిగ్రీలైతే 10314 అని వ్రాస్తారు. మొదటి 1 ఇది ఉష్ణోగ్రత అని, తరువాతి 0 అది సున్నా డిగ్రీలకు తక్కువ కాదని, చివరి మూడంకెలు 31.4 అని తెలుపుతాయి. నేడు ఈ సంకేతాల స్థానాన్ని చాలావరకు బి.యు.ఎఫ్.ఆర్. అనే కంప్యూటరు రూపం ఆక్రమించినది.

దేశంలోని పరిశీలనలు న్యూఢిల్లీ చేరి, అక్కడ శీర్షికతో కూడిన బులెటిన్లుగా కూర్చబడతాయి. జి.టి.ఎస్. ప్రధాన మార్గంలో మెల్‌బోర్న్, మాస్కో, వాషింగ్టన్ ప్రపంచ కేంద్రాలు కాగా, న్యూఢిల్లీ, టోక్యో, కైరో వంటివి ప్రాంతీయ కేంద్రాలు. ప్రతి కేంద్రం బులెటినును భద్రపరచుకొని, శీర్షికను చూసి, తన పట్టికలో ఉన్న చిరునామా ప్రకారం తరువాతి కేంద్రానికి పంపుతుంది. తపాలా కార్యాలయాలలో ఉత్తరాలు వేరుచేసి పంపే పద్ధతి వంటిదే ఇది.

పాత వ్యవస్థ పరిమితులు

టెలిప్రింటర్ల కాలంలో ఈ పద్ధతి ఎంతో సమర్థంగా ఉండేది. కాని ఉపగ్రహాలు, డాప్లర్ రాడార్లు, అధునాతన గణన నమూనాలు వచ్చిన తరువాత సమాచార పరిమాణం ఎన్నో రెట్లు పెరిగినది. కొత్త బులెటిన్ ఒకటి ప్రవేశపెట్టాలంటే దారిలోని కేంద్రాలన్నీ తమ పట్టికలను సవరించుకోవాలి. ప్రత్యేక మార్గాల ఖర్చు పేద దేశాలకు భారం. విశ్వవిద్యాలయాలకు, ఇతర శాఖలకు ఇందులో నేరుగా ప్రవేశం ఉండదు.

ఈ లోపాలను సవరించుటకు 2003లో వాతావరణ సమాచార వ్యవస్థ, అనగా డబ్ల్యు.ఐ.ఎస్., ఆమోదం పొంది 2012లో అమలులోకి వచ్చింది. దాని తరువాతి రూపమే డబ్ల్యు.ఐ.ఎస్. 2.0.

కొత్త వ్యవస్థ

డబ్ల్యు.ఐ.ఎస్. 2.0 పత్రికా చందా పద్ధతిని పోలినది. ప్రతి దేశం తన సమాచారాన్ని తన కంప్యూటరులోనే ఉంచి, కొత్త సమాచారం వచ్చినదని చిన్న ప్రకటన విడుదల చేస్తుంది. గ్లోబల్ బ్రోకర్లు అనే కేంద్రాలు ఆ ప్రకటనను చందాదారులందరికీ అందజేస్తాయి. కావలసినవారు అందులోని చిరునామా నుండి అసలు సమాచారాన్ని తెచ్చుకొంటారు. చిన్న దేశాల కంప్యూటర్లపై భారం పడకుండా, అందరికీ పంచవలసిన ముఖ్య సమాచారాన్ని గ్లోబల్ క్యాష్ కేంద్రాలు కనీసం 24 గంటలపాటు నిల్వ ఉంచుతాయి.

ఈ వ్యవస్థ 2025 జనవరిలో పూర్తిస్థాయి అమలులోకి వచ్చింది. కొంతకాలం రెండు వ్యవస్థలు సమాంతరంగా నడుస్తాయి. 2033 నాటికి జి.టి.ఎస్.ను విరమించాలన్నది ప్రణాళిక.

భద్రత

పై ఉదాహరణలో రెండవ అంకె 0కు బదులు 1 అయితే రెంటచింతలలో మైనస్ 31.4 డిగ్రీల చలి ఉన్నట్లు అర్థం వస్తుంది. ఇటువంటి అసంభవాన్ని కంప్యూటరు పసిగట్టి తిరస్కరిస్తుంది. కాని 10314ను ఎవరైనా 10344గా మారిస్తే మూడు డిగ్రీల తేడాను కనిపెట్టుట అంత సులభం కాదు. సంప్రదాయ బులెటిన్ మీద పంపినవారి శీర్షిక ఉంటుంది గాని, దానిని మధ్యలో ఎవరూ మార్చలేదని నిరూపించే డిజిటల్ సంతకం ఉండదు. వాతావరణ శాఖల పరస్పర విశ్వాసమే దానికి రక్ష.

అంతర్జాలంలో అది చాలదు. కొత్త వ్యవస్థలో సందేశాలు సంకేతీకరించిన మార్గంలో పయనిస్తాయి. ప్రకటనతోపాటు సమాచారపు గణిత ముద్రను కూడా జతచేయవచ్చును. ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర సరిపోదు. చదువుటకు అందరికీ అనుమతి ఉన్నా, ప్రకటించే అధికారం నమోదైన కేంద్రాలకే ఉంటుంది. ఒక బ్రోకరు ఆగిపోయినా మరొకటి పనిచేయునట్లు వాటిని వేర్వేరు దేశాలలో నెలకొల్పారు.

భారతదేశం, తెలుగు నేల

ఉత్తర హిందూ మహాసముద్రపు తుఫానులకు న్యూఢిల్లీ ప్రాంతీయ ప్రత్యేక కేంద్రం. బంగ్లాదేశ్, మయన్మార్, శ్రీలంక, ఒమన్ సహా 13 దేశాలు ఈ తుఫానులకు పేర్లు ప్రతిపాదిస్తాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్‌కు పేరు పెట్టినది మయన్మార్. విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం, అక్కడా మచిలీపట్నంలోనూ డాప్లర్ రాడార్లు ఉన్నాయి.

2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం హిందూ మహాసముద్ర దేశాలలో జి.టి.ఎస్. మార్గాలు బలోపేతం చేయబడినవి. 2007 నుండి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మంది మరణించారు. దేశాల మధ్య సమాచారం ఎంత వేగంగా ప్రవహించినా, చివరి గ్రామానికి హెచ్చరిక చేరి, ప్రజలు దానిని నమ్మినప్పుడే అది ప్రాణాలు కాపాడుతుంది. ఒక్క దొంగ హెచ్చరిక ఆ నమ్మకాన్ని పోగొట్టగలదు. కావున భద్రత ఈ వ్యవస్థకు అదనపు హంగు కాదు, పునాది.

ఇవి కూడా చూడండి

భారత వాతావరణ శాఖ
దివిసీమ ఉప్పెన
రెంటచింతల