ఆర్టీఐ దరఖాస్తు: “అన్ని రికార్డులూ ఇవ్వండి” అని రాస్తే ఏమవుతుంది? ఎలా కుదించి అడగాలి?

వేట నిషేధ భృతి జాబితాలో మీ పేరు రాలేదు. లేదా ఇంట్లో ముసలమ్మ పింఛను ఆగిపోయింది. సచివాలయానికి వెళ్తే “పైనుంచి రాలేదండి” అన్నారు. పై ఆఫీసుకు వెళ్తే “కింద నుంచి పంపలేదు” అన్నారు. అప్పుడు ఎవరో ఒకరు “ఆర్టీఐ పెట్టేయండి, దెబ్బకి కదులుతారు” అని సలహా ఇస్తారు. సలహా మంచిదే. చిక్కల్లా ఆ కాగితం మీద ఏం రాస్తున్నామన్న దగ్గరే వస్తోంది.

నౌపడ, సంతబొమ్మాళి, భావనపాడు వైపు నుంచి వెళ్లే దరఖాస్తు ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణ చూద్దాం: “శ్రీకాకుళం జిల్లాలో మత్స్యకారులకు ఇచ్చిన భృతికి సంబంధించి మొదటి నుంచి ఇప్పటి వరకు ఉన్న అన్ని రికార్డులు, ఫైళ్లు, జాబితాలు, బ్యాంకు వివరాలతో సహా ఇవ్వగలరు.” రాసినాయనకి కోపం ఉంది, అందులో న్యాయమూ ఉంది. కానీ ఈ కాగితంతో ఆయనకి కావలసింది దొరకదు.

ఎందుకో చూడండి. ఆఫీసు వాళ్లు ఇలాంటి దరఖాస్తుకి మామూలుగా మూడు దారుల్లో ఒకటి పడతారు. ఒకటి, పేజీల లెక్క వేసి బిల్లు పంపడం. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం ఎ4 పేజీకి 2 రూపాయలు. నాలుగు వేల పేజీలంటే 8,000 రూపాయలు. ఆ బిల్లు పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టేదాకా 30 రోజుల గడువు లెక్క ఆగిపోతుంది. రెండోది, సెక్షన్ 7(9) చూపించడం: మీరు అడిగిన రూపంలో ఇస్తే ఆఫీసు పనంతా ఆగిపోతుందని. మూడోది, సెక్షన్ 8(1)(జె) చూపించడం: ఇతరుల వ్యక్తిగత వివరాలు ఇవ్వలేమని.

ఈ 7(9) గురించి కొంచెం గట్టిగా తెలుసుకోవాలి. దీన్ని చాలాచోట్ల “ఇవ్వం” అనడానికి వాడుతున్నారు. చట్టంలో ఉన్నది అది కాదు. అడిగిన రూపంలోనే సమాచారం ఇవ్వాలి, అలా ఇస్తే వనరులు మితిమీరి ఖర్చవుతాయన్నా, రికార్డు పాడైపోతుందన్నా వేరే రూపంలో ఇవ్వొచ్చు అని మాత్రమే ఆ సెక్షన్ చెబుతుంది. నిరాకరించడానికి కారణాలు సెక్షన్ 8, 9లలో ఉన్నాయి, 7(9)లో లేవు. కాబట్టి “7(9) కింద తిరస్కరించాం” అని జవాబొస్తే “అయితే రికార్డు చూపించండి, నేనే వచ్చి చూసుకుంటాను” అని రాయొచ్చు. సెక్షన్ 2(జె) రికార్డులు చూసే హక్కు ఇస్తోంది. రాష్ట్ర ఆఫీసుల్లో మొదటి గంటకి రుసుము లేదు, ఆ తర్వాత ప్రతి 15 నిమిషాలకి 5 రూపాయలు.

అలాగని తప్పంతా ఆఫీసులదే అనలేం. 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో, విచక్షణ లేకుండా అన్నీ కావాలని అడిగితే సిబ్బంది సమయంలో ముప్పావు వంతు దానికే పోతుందని హెచ్చరించింది. చాలామంది అధికారులు ఈ తీర్పునే చూపిస్తారు. కానీ వాళ్లు చెప్పని సంగతొకటుంది. అదే తీర్పులో, పరీక్ష రాసిన విద్యార్థికి తన జవాబు పత్రం చూసుకునే హక్కు ఉందని కోర్టు ఒప్పుకుంది. ఆ కుర్రాడు అడిగింది తన జవాబు పత్రాలే.

ఇప్పుడు భృతి సంగతికే వద్దాం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ కాలానికి ఇంతకు ముందు 10,000 రూపాయలు ఇచ్చేవారు. 2025 ఏప్రిల్ 26న మన జిల్లాలోనే, ఎచ్చెర్ల నియోజకవర్గం బుడగట్లపాలెంలో “మత్స్యకార సేవలో” పేరుతో దాన్ని 20,000 చేశారు. నిషేధం మొదలైన రోజుల్లో మత్స్యశాఖ వాళ్లు రేవుకి వచ్చి బోట్లు, వాటి మీద పనిచేసేవాళ్ల పేర్లు రాసుకుంటారు. పేరు పోయేది ఎక్కువగా అక్కడే. కాబట్టి జిల్లా మొత్తం ఫైళ్లు మీకెందుకు? ఆ రోజు, ఆ రేవులో, మీ బోటు ఎదురుగా ఎవరెవరి పేర్లు రాశారన్నదే మీకు కావాలి.

దాన్ని ఇలా రాయండి:

“ప్రజా సమాచార అధికారి, జిల్లా మత్స్యశాఖ కార్యాలయం, శ్రీకాకుళం వారికి. 2025 ఏప్రిల్–జూన్ వేట నిషేధ భృతికి సంబంధించి: (1) మా గ్రామంలో బోట్ల లెక్కింపు సమయంలో, ఫలానా రిజిస్ట్రేషన్ నంబరు బోటుకి సంబంధించి తయారుచేసిన నమోదు పత్రం నకలు. (2) ఫలానా తేదీన నేను ఇచ్చిన అర్జీపై ఫైలులో రాసిన నోట్, దాని మీద తీసుకున్న నిర్ణయం నకలు. (3) ఆ ఏడాది అర్హతలు తెలిపే ప్రభుత్వ ఉత్తర్వు నకలు. (4) మా గ్రామం తుది జాబితాలో పేరు, మంజూరైన మొత్తం ఉన్న పేజీలు.”

నాలుగు ముక్కలు, ఓ పది పేజీలు. ఇరవై రూపాయల్లో అయిపోతుంది. “నా పేరు ఎందుకు తీసేశారు?” అని ప్రశ్నలా రాస్తే “మా దగ్గర అలాంటి సమాచారం లేదు” అని తప్పించుకోవచ్చు. “నోట్ నకలు” అంటే కాగితం ఉందా లేదా అన్నది చెప్పి తీరాలి. నోట్ దొరక్కపోతే, నిర్ణయానికి కారణాలు బాధితులకి చెప్పాలనే సెక్షన్ 4(1)(డి)ని తర్వాతి కాగితంలో గుర్తుచేయండి.

నాలుగో ముక్కలో బ్యాంకు ఖాతా, ఆధార్ అడగలేదు, గమనించారా? పక్కవాళ్ల ఖాతా నంబరుతో మీకు పనిలేదు, అది అడిగితే మొత్తం దరఖాస్తుకే అడ్డం పడుతుంది. 2023 డేటా రక్షణ చట్టం 8(1)(జె)ని ఇంకా బిగించింది. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు మాత్రం ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సెక్షన్ 4(1)(బి) అంటోంది, ఆ మాట దరఖాస్తులో ఒక వాక్యంగా చేర్చండి. కొన్ని వివరాలు ఇవ్వకూడనివైతే వాటిని కొట్టేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 ఉంది.

ఒకే కాగితంలో అయిదు శాఖల సంగతి కలపొద్దు. పింఛను మాట మండలాఫీసుది, భృతి మాట మత్స్యశాఖది. నౌపడ ఉప్పు మడుల లీజు కాగితాలు కావాలంటే, కేంద్ర ఉప్పు శాఖ చేతిలో ఉన్న భూమి గురించి తహసీల్దారుని అడిగి లాభం లేదు. తమది కాని దరఖాస్తుని 5 రోజుల్లో సరైన చోటికి పంపాలని సెక్షన్ 6(3) ఉంది గానీ, మీరే నేరుగా పంపితే బేగి తేలుతుంది.

దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అసలు లేదు, కార్డు జిరాక్సు జతచేయండి.

పెద్ద దరఖాస్తు ఇప్పటికే పెట్టేశారా? ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది: “బాబూ, అది వెనక్కి తీసుకుని చిన్నగా రాసివ్వండి.” వెనక్కి తీసుకోకండి. తీసుకుంటే పాత తేదీ పోతుంది, 30 రోజులు మళ్లీ మొదలు. బదులుగా ఒక లేఖ ఇవ్వండి: “ఫలానా తేదీ నా దరఖాస్తుకి కొనసాగింపుగా, ముందుగా ఈ నాలుగు అంశాలు ఇవ్వగలరు. మిగతావి అవసరమైతే రికార్డు చూసి అడుగుతాను.” నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. దరఖాస్తుదారుకి సాయం చేయాల్సిన బాధ్యత సెక్షన్ 5(3) ప్రకారం ఆ అధికారిదే, కాబట్టి ఏ రిజిస్టర్లో ఏముందో ఆయన్నే అడగండి, మొహమాటం వద్దు.

30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చింది సరిపోకపోతే, మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. దాన్ని 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేల్చాలి. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే నకళ్లకి సెక్షన్ 7(6) ప్రకారం డబ్బు తీసుకోకూడదు, అందుకే రసీదు, ముద్ర ఉన్న నకలు, పోస్టు కవరు మూడూ దాచుకోండి.